ఎడారి ఎండలో టర్బో కారుకు బలం పెంచడం ఎలా?

"అన్నా, స్టేజ్ వన్ కొట్టిస్తే ఎన్ని హార్స్‌లు పెరుగుతాయి?"

దుబాయ్, షార్జాల్లో ఉద్యోగంలో కుదురుకుని, ఊళ్లో అప్పులు కొంత తీర్చి, సెకండ్ హ్యాండ్‌లో ఓ గోల్ఫ్ జీటీఐ కొనుక్కున్న మన కుర్రాళ్లు మొదట అడిగేది ఇదే. గ్యారేజీలో జవాబు రెడీగా ఉంటుంది: అరవై, డెబ్బై. అబద్ధమేమీ కాదు. కాకపోతే ఆ లెక్క జనవరి రాత్రిది. జులైలో సాయంత్రం నాలుగింటికి అల్ ఇత్తిహాద్ రోడ్డు ట్రాఫిక్‌లో గంటసేపు పాకి, కాస్త ఖాళీ దొరికిందని యాక్సిలరేటర్ తొక్కినప్పుడు వాటిలో ఎన్ని మిగులుతాయో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

ఈ వ్యాసం ఆ రెండో లెక్క గురించి. కారు బానెట్ ఎత్తి చూడటం తప్ప ఏమీ తెలియనివాళ్లు కూడా అనుసరించేలా మొదటి అడుగు నుంచి చెబుతాను. ఉదాహరణకు ఏడో తరం గోల్ఫ్ జీటీఐని తీసుకుందాం. 1984 సీసీ ఇంజిన్, కంపెనీ ఇచ్చిన బలం 220 హార్స్‌పవర్, టార్క్ 350 న్యూటన్ మీటర్లు. ఎమిరేట్స్‌లో విరివిగా కనిపిస్తుంది, పార్టులకు వెతుక్కోనక్కర్లేదు, ట్యూనింగ్ చేసేవాళ్లకు దాని నాడి తెలుసు. మీ కారు వేరైనా వరస మాత్రం ఇదే.

టర్బో చేసే పని, ఎండ చేసే పని

ఇంజిన్‌కు బలం పెట్రోల్ మండితే వస్తుంది. మండాలంటే గాలి కావాలి. సైలెన్సర్ వైపు వెళ్లే వేడి పొగ టర్బోలోని ఒక చక్రాన్ని తిప్పుతుంది. అదే ఇరుసుకు రెండో కొసన ఉన్న చక్రం బయటి గాలిని లాక్కుని, నొక్కి, ఇంజిన్‌లోకి తోస్తుంది. ఆ ఒత్తిడినే బూస్ట్ అంటారు. దాన్ని బార్లలో కొలుస్తారు, లేదంటే పీఎస్‌ఐలో; ఒక బార్ సుమారు 14.5 పీఎస్‌ఐ. టర్బో కారుకు బలం పెంచడమంటే ముఖ్యంగా ఈ బూస్ట్ పెంచి, దానికి తగ్గట్టు పెట్రోల్ మోతాదునూ స్పార్క్ వేళనూ మార్చడమే.

చిక్కంతా గాలిని నొక్కితే వేడెక్కడంలో ఉంది. సైకిల్‌కు గాలి కొట్టి పంపు అడుగున చెయ్యి పెట్టినవాళ్లకు ఇది తెలిసిందే. బయట 20 డిగ్రీలున్నప్పుడు ఒక బార్ బూస్ట్ పెడితే, మంచి కంప్రెసర్ నుంచి కూడా గాలి 110 డిగ్రీలకు అటూ ఇటూగా బయటికొస్తుంది. బయట 45 ఉంటే అది 145 దాకా పోతుంది. ఆ గాలిని చల్లార్చాల్సిన ఇంటర్‌కూలర్‌కు తగిలే గాలి కూడా అదే 45 డిగ్రీలది. తారు రోడ్డు మీది సెగ దీనికి అదనం.

నష్టం రెండు రకాలు. వేడి గాలి పలచన: 15 డిగ్రీల రోజుతో పోలిస్తే 45 డిగ్రీల రోజున అదే ఒత్తిడిలో గాలి దాదాపు పది శాతం తక్కువ ఉంటుంది. ఇది బలం నష్టమే, భరించవచ్చు. రెండోది ఇంజిన్‌కే ముప్పు. స్పార్క్ వెలిగించిన మంట చేరేలోపే సిలిండర్‌లో ఓ మూల మిగిలిన మిశ్రమం వేడికి దానంతటదే పేలుతుంది. దీన్ని నాక్ అంటారు. నాక్ సెన్సర్ ఆ చప్పుడు వింటుంది, కంప్యూటర్ వెంటనే స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. బలం తగ్గుతుంది కానీ ఇంజిన్ బతుకుతుంది. కంప్యూటర్ సర్దుకోగలిగిన హద్దు దాటితే పిస్టన్ అంచులు విరుగుతాయి.

కంపెనీలకు ఈ సంగతి బాగా తెలుసు. ఏడో తరం గోల్ఫ్ ఆర్‌ను యూరప్‌లో 300 హార్స్‌పవర్‌తో అమ్మిన ఫోక్స్‌వ్యాగన్, ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికా లాంటి వేడి దేశాలకు అదే కారును 280కి తగ్గించి పంపింది. ఇంజిన్ తయారుచేసినవాళ్లే ఎండకు భయపడి ఇరవై కోసుకున్నప్పుడు, ఇండస్ట్రియల్ ఏరియాలో ల్యాప్‌టాప్ పట్టుకున్నవాడు "ఏం కాదు భాయ్" అంటే నమ్మాలా వద్దా మీరే ఆలోచించండి.

మొదటి అడుగు: కాగితం

చాలామంది దీన్ని ఆఖరికి వదిలేస్తారు. నేను కావాలనే ముందు పెడుతున్నాను, ఎందుకంటే ఈ దేశంలో ట్యూనింగ్ ఖర్చుకన్నా జరిమానా ఖర్చు తేలిగ్గా దాటిపోతుంది.

2017 జులై నుంచి అమలులో ఉన్న ఫెడరల్ ట్రాఫిక్ జరిమానాల పట్టిక ప్రకారం, అనుమతి లేకుండా ఇంజిన్‌లోగానీ చాసిస్‌లోగానీ మార్పు చేస్తే 1,000 దిర్హాంలు, 12 బ్లాక్ పాయింట్లు, 30 రోజులు బండి జప్తు. శబ్దం చేసే బండికి 2,000 దిర్హాంలు, మరో 12 పాయింట్లు. ఏడాదిలో 24 పాయింట్లు చేరితే లైసెన్స్ సస్పెండ్ అవుతుంది. అంటే ఒకే రోజు ఈ రెండింటికీ పట్టుబడితే లైసెన్స్ చేతిలో ఉండదు. జప్తయిన బండిని విడిపించుకోవడం ఇంకో కథ. వేగమో శబ్దమో పెరిగేలా మార్చిన కారును విడిపించడానికి దుబాయ్‌లో 2023 డిక్రీ ప్రకారం 10,000 దిర్హాంలు కట్టాలి. అబుదాబిలో 2020 చట్టం కూడా ఇంజిన్, చాసిస్ మార్పులకు అదే 10,000 పెట్టింది. షార్జాలో శబ్దాన్ని కొలిచే రాడార్లే ఉన్నాయి. 95 డెసిబెల్స్ దాటితే ఫొటో పడుతుంది. 2025 మార్చి 29 నుంచి కొత్త ఫెడరల్ ట్రాఫిక్ చట్టం అమల్లోకి వచ్చింది. కాబట్టి ఈ అంకెల్ని మీరు పని మొదలుపెట్టే రోజున ఒకసారి సరిచూసుకోండి.

చేయాల్సింది ఇది: మీ ముల్కియా (బండి రిజిస్ట్రేషన్ కార్డు) ఏ ఎమిరేట్‌దో ఆ ఎమిరేట్ లైసెన్సింగ్ విభాగానికి ముందే వెళ్లండి. ఫలానా మార్పు చేయిస్తాను, అనుమతి ఎలా, పరీక్ష ఎక్కడ అని అడగండి. అనుమతి అవసరమైనవాటికి కాగితం తీసుకోండి. కాగితం రాని మార్పును రోడ్డు కారుకు చేయించకండి. సాఫ్ట్‌వేర్ పైకి కనపడదు కదా, పాసింగ్‌లో (ఏటా జరిగే బండి తనిఖీలో) ఎవరు చూస్తారు అనే వాదన నేనూ విన్నాను. పాసింగ్‌లో దొరక్కపోవచ్చు. పెద్ద యాక్సిడెంట్ అయి, ఇన్సూరెన్స్ సర్వేయర్ ఇంజిన్ కంప్యూటర్ చదివిన రోజున దొరుకుతుంది. చెప్పకుండా చేసిన మార్పు సాకుతో కంపెనీ క్లెయిమ్ నిరాకరించవచ్చు; అవతలివాళ్లకు కట్టిన సొమ్మును మీ దగ్గర వసూలు చేయాలని కూడా చూడవచ్చు. ఉద్యోగం మీద, వీసా మీద బతికే మనకు ఆ కోర్టు తిరుగుడు చాలా ఖరీదు. అందుకే ఇన్సూరెన్స్ వాళ్లకు ముందే ఈమెయిల్ పెట్టి, జవాబు దాచుకోండి.

ఏజెన్సీ వారంటీ ఇంకా నడుస్తుంటే ఆగండి. ఫోక్స్‌వ్యాగన్, ఆడీ కార్లలో సాఫ్ట్‌వేర్ మారినట్టు ఏజెన్సీ కంప్యూటర్ పసిగడితే టీడీ1 అనే గుర్తు పడుతుంది. ఆ తర్వాత ఇంజిన్, గేర్‌బాక్స్ వారంటీ ఉన్నా లేనట్టే. పాత సాఫ్ట్‌వేర్ తిరిగి ఎక్కించినా ఆ మచ్చ పోదు.

రెండో అడుగు: కారు ఆరోగ్యం

బలం పెంచితే ఉన్న రోగాలన్నీ బయటపడతాయి. కాబట్టి ముందు వైద్యం.

అన్నిటికన్నా ముందు మీ కారు పుట్టుక తెలుసుకోండి. జీసీసీ స్పెక్, అంటే గల్ఫ్ దేశాల కోసం తయారైనదైతే, ఈ ఎండ లెక్కలోకి తీసుకుని పంపిన బండి. అమెరికన్ స్పెక్ అయితే రేటు తక్కువ, కానీ అక్కడ యాక్సిడెంట్‌లో నలిగి, వేలంలో అమ్ముడై, ఓడెక్కి ఇక్కడికొచ్చి రంగు పూసుకున్నది అయ్యుండవచ్చు. చాసిస్ నంబర్ పెట్టి అమెరికా చరిత్ర కొనుక్కుని చూడండి. ఇక్కడ నమోదైన యాక్సిడెంట్ల కోసం ఎమిరేట్స్ వెహికల్ గేట్ సైట్ ఉంది.

2024 ఏప్రిల్ 16ను కూడా గుర్తుపెట్టుకోవాలి. 1949లో రికార్డులు మొదలైనప్పటి నుంచీ ఈ దేశం చూడని వాన ఆ రోజు పడింది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో 24 గంటల్లోపే 254 మిల్లీమీటర్లు. షార్జాలో కొన్ని వీధులు రోజుల తరబడి నీళ్లలోనే ఉన్నాయి, వాటితోపాటే కార్లు. అలా మునిగి, ఆరబెట్టి, అమ్మకానికి వచ్చినవాటిలో మీది ఉంటే ట్యూనింగ్ మాట మరిచిపోండి. ఇంజిన్ నడుస్తుండగా సిలిండర్‌లోకి నీళ్లు పోతే, నీరు నలగదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. కొద్దిగా వంగిన రాడ్‌తో కారు మామూలుగానే నడుస్తుంది. బూస్ట్ పెంచిన రోజున బ్లాకు చీల్చుకుని బయటికొస్తుంది. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, కార్పెట్ ఎత్తి చూడండి, స్పేర్ వీల్ గుంటలో వేలు పెట్టి చూడండి. ఇసుక, బురద మరక ఎక్కడో ఒకచోట దాక్కుని ఉంటుంది.

తర్వాత గ్యారేజీలో చేయించాల్సినవి: కంప్రెషన్ టెస్ట్, లీక్‌డౌన్ టెస్ట్. నాలుగు సిలిండర్ల అంకెలు దగ్గర దగ్గరగా ఉండాలి. ఒకటి మిగతావాటికంటే బాగా వెనకబడితే అక్కడే ఆగిపోండి. ఇన్‌టేక్ పైపుల్లో పొగ పెట్టి లీకులు చూడటం చవకైన పరీక్ష, చాలా సమస్యలు అందులోనే తేలతాయి. ఈ ఇంజిన్‌లో పెట్రోల్ నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది గనక వాల్వుల వెనక మసి పేరుకుంటుంది. పొడిచేసిన వాల్‌నట్ చిప్పల్ని గాలితో కొట్టి దాన్ని శుభ్రం చేస్తారు. ప్లాస్టిక్ థర్మోస్టాట్ హౌసింగ్, వాటర్ పంపు దగ్గర కూలెంట్ కారడం ఈ తరం ఇంజిన్లకు పుట్టుకతో వచ్చిన జబ్బు. గులాబీ మరక కనిపిస్తే మార్చేయండి.

ఏ గ్యారేజీ అని అడుగుతారు. దుబాయ్‌లో అల్ ఖూజ్, రస్ అల్ ఖోర్, అబుదాబిలో ముసఫ్ఫా, షార్జాలో ఇండస్ట్రియల్ ఏరియాలు. పేర్లు నేను చెప్పను, నెలకో మెకానిక్ ఇంకోచోటికి మారిపోతాడు. మీ కారు లాంటివే లోపల నాలుగైదు నిలబడి ఉన్న షెడ్డు చూసుకోండి. తెలుగువాళ్లు దొరికితే సంతోషం, లేకపోతే హిందీ చాలు. షార్జా షెడ్లలో మలయాళీతో పఠాన్ మాట్లాడేదీ, ఫిలిపినోతో బంగ్లాదేశీ మాట్లాడేదీ ఆ భాషే.

మూడో అడుగు: ముందు వేడి దించండి

డబ్బులో పెద్ద వాటా ఇక్కడ పెట్టండి. ఇది ఎవరికీ చూపించుకోలేని ఖర్చు, అందుకే ఎవరూ పెట్టరు.

ఇంటర్‌కూలర్ మొదటిది. జీటీఐలో అది రేడియేటర్ ముందు పలచగా, సన్నగా ఉంటుంది. ఒకసారి గట్టిగా తొక్కితే చల్లారుస్తుంది, వెంటవెంటనే మూడోసారి తొక్కితే అదే వేడెక్కి కూర్చుంటుంది. దాని బదులు మందంగా, ఎక్కువ లోహం ఉన్నది పెడితే వేడిని కాసేపు తనలో దాచుకోగలదు. మరీ పెద్దది పెట్టి రేడియేటర్‌కూ ఏసీ కండెన్సర్‌కూ గాలి ఆపేయకండి. ఆగస్టులో ఏసీ చల్లగా రాకపోతే హార్స్‌పవర్ గురించి ఇంట్లో ఎవరూ వినరు.

కూలెంట్ గురించి ఒక అపోహ ఉంది: ఇక్కడ గడ్డకట్టేంత చలి లేదు కదా, నీళ్లు పోస్తే చాలదా అని. చాలదు. కూలెంట్ మరిగే ఉష్ణోగ్రతను కూడా పెంచుతుంది, తుప్పు ఆపుతుంది. కంపెనీ చెప్పిన రకం, డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం. పాత రేడియేటర్ మూత కూడా మార్చేయండి. ఒత్తిడి నిలబెట్టేది ఆ మూతే. ఒత్తిడి పోతే కూలెంట్ ముందే మరుగుతుంది.

ఇంజిన్ ఆయిల్ టర్బోకు ప్రాణం. ఫోక్స్‌వ్యాగన్ 502 00 ఆమోదం ఉన్న 5డబ్ల్యూ-40 తీసుకోండి. డబ్బా మీద ఏపీఐ ఎస్‌పీ అని ఉంటే ఇంకా మంచిది. తక్కువ ఆర్‌పీఎమ్‌లో ఎక్కువ బరువు పడ్డప్పుడు చిన్న టర్బో ఇంజిన్లలో వచ్చే అకాల పేలుడును తట్టుకునేలా 2020లో తెచ్చిన ప్రమాణం అది. అన్నట్టు, ఆరో గేర్‌లో 1,500 ఆర్‌పీఎమ్ దగ్గర నిలువునా తొక్కే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. ఆయిల్ మార్చడానికి కంపెనీ చెప్పిన దూరంలో సగం చాలు. ఇక్కడి దుమ్ము, ట్రాఫిక్‌లో నిలబడి తిరిగిన గంటలు కిలోమీటర్ల మీటర్‌లో పడవు.

ఎయిర్ ఫిల్టర్ విషయంలో నా మాట: బానెట్ కింద బయటికి కనిపించే శంఖం ఆకారపు ఓపెన్ ఫిల్టర్ కొనకండి. శబ్దం బాగుంటుంది. కానీ అది పీల్చేది ఇంజిన్ పక్కనున్న వేడి గాలిని. పైగా ఇసుక రేణువు దాటి లోపలికి పోతే కంప్రెసర్ చక్రం అంచుల్ని చెక్కుతుంది. కంపెనీ ఇచ్చిన మూతపెట్టె, అందులో కొత్త కాగితపు ఫిల్టర్, ఇసుక గాలులు వీచిన వారం తర్వాత ఒకసారి తీసి చూడటం. అంతకన్నా మంచి ఉపాయం నాకు కనపడలేదు.

స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లనివి వేసి, వాటి మధ్య ఖాళీ 0.6 మిల్లీమీటర్ల దగ్గర పెట్టించండి. బూస్ట్ పెరిగినప్పుడు పెద్ద ఖాళీలో స్పార్క్ ఆరిపోతుంది.

నాలుగో అడుగు: పెట్రోల్

ఇక్కడ ఎమిరేట్స్‌వాళ్లు అదృష్టవంతులు. అడ్నాక్, ఎనాక్, ఎమరాత్, ఏ బంకులోనైనా సూపర్ 98 దొరుకుతుంది. దాని కిందిది స్పెషల్ 95, ఇంకా కింద ఈ-ప్లస్ 91. అంకె ఎంత పెద్దదైతే నాక్‌ను అంత ఆపుతుంది. ట్యూన్ చేసిన కారుకు 98 మాత్రమే. 95 కోసం రాసిన ఫైలు ఎక్కించుకుని 98 పోసేవాళ్లకు ఎండాకాలం కొంత రక్షణ మిగులుతుంది; మొదటిసారి చేయించేవాళ్లకు నేను చెప్పేది అదే. 98 కోసం రాసిన ఫైలు ఎక్కించి, నెలాఖరున జేబు చూసుకుని 95 కొట్టించేవాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు.

ఐదో అడుగు: కొలత, ట్యూన్, మళ్లీ కొలత

ముందు కారును ఉన్నదున్నట్టు డైనో మీద పెట్టించండి. డైనో చక్రాల దగ్గర బలం కొలుస్తుంది. గేర్‌బాక్స్ మింగేది పోగా, 220 అన్న కారు 190 చూపిస్తే గాబరా పడకండి. మొదటి రన్ మాత్రమే చూసి సంతోషపడకండి కూడా. వెంటవెంటనే మూడు రన్‌లు అడగండి. మొదటిదానికన్నా కిందకు జారిన ఆ మూడో గీతే మీ కారు వేసవి బలం.

ఆ తర్వాత ట్యూన్. స్టేజ్ వన్ అంటే సాఫ్ట్‌వేర్ ఒక్కటే: బూస్ట్, పెట్రోల్, స్పార్క్ పట్టికలు మారతాయి, పార్టులు మారవు. జీటీఐ లాంటి కారుకు 20 నుంచి 30 శాతం పెరుగుదల సాధారణం. ఇందులో రెండు రకాల ఫైళ్లుంటాయి. ఒకటి బయటి దేశంలో ఎవరో రాసి అందరికీ అమ్మేది. రెండోది మీ కారును ఇక్కడే నడిపి, లాగ్ చూస్తూ రాసేది. పేరున్న కంపెనీ ఫైలైతే మొదటిదీ తప్పేం కాదు, అందులో వేడికి సర్దుబాట్లు ఉంటే. యూరప్ చలిలో రాసి, హద్దులు తీసేసిన ఫైలు వద్దు. ట్యూన్ చేసేవాడిని మూడు ప్రశ్నలు అడగండి: గాలి వేడెక్కితే బూస్ట్ ఎంత తగ్గిస్తావు? నాక్ వస్తే ఏం చేస్తావు? పాత ఫైలు నాకిస్తావా? మూడోదానికి తడబడితే బయటికొచ్చేయండి.

ట్యూన్ అయ్యాక పని మొదలవుతుంది. కారు కంప్యూటర్‌ను చదివే ఒక ఓబీడీ రీడర్ కొనుక్కుని, ఫోన్‌లో లాగ్ తీయడం నేర్చుకోండి. మూడో గేర్‌లో 2,500 నుంచి 6,000 ఆర్‌పీఎమ్ దాకా ఒక్కసారి, అదీ డైనో మీదో ట్రాక్ మీదో. చూడాల్సినవి: లోపలికి వెళ్లే గాలి ఉష్ణోగ్రత, ఒక్కో సిలిండర్‌కు స్పార్క్ ఎంత వెనక్కి జరిగింది, అడిగిన బూస్ట్‌కూ వచ్చిన బూస్ట్‌కూ తేడా, పెట్రోల్ ఒత్తిడి. స్పార్క్ అక్కడక్కడా రెండు మూడు డిగ్రీలు జరగడం మామూలే. నాలుగు సిలిండర్లలో ఒకటి మాత్రం ప్రతిసారీ ఐదారు డిగ్రీలు వెనక్కి పోతుంటే బూస్ట్ తగ్గించమనండి. పెట్రోల్ ఒత్తిడి పడిపోతుంటే పంపు చాలడం లేదు. అలా నడిపితే మిశ్రమం పలచబడి పిస్టన్ కరుగుతుంది. ఇంతకుమించి గుర్తుంచుకోవాల్సింది తక్కువే.

ఆరో అడుగు: బలాన్ని మోసేవి, ఆపేవి

జీటీఐలోని ఆరు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్‌కు కంపెనీ పెట్టిన హద్దు 350 న్యూటన్ మీటర్లు, అంటే మొదట్నుంచీ అంచుమీదే ఉంది. స్టేజ్ వన్ దాన్ని దాటేస్తుంది. తట్టుకుంటుంది గానీ, గేర్‌బాక్స్ సాఫ్ట్‌వేర్‌లో క్లచ్ ఒత్తిడి కూడా పెంచాలి, 60,000 కిలోమీటర్లకోసారి మార్చాల్సిన ఆయిల్‌ను ముందే మార్చాలి. మామూలు గోల్ఫ్‌లో వచ్చే ఏడు గేర్ల పొడి క్లచ్ డీఎస్‌జీ అయితే హద్దు 250 మాత్రమే. దానికి ట్యూన్ వద్దు, అంతే.

బ్రేక్ ఫ్లూయిడ్ తేమ పీలుస్తుంది, తేమ చేరితే త్వరగా మరుగుతుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా, డాట్ 5.1 అయితే 260 దాకా ఆగుతాయి. మంచి ప్యాడ్‌లు, కొత్త ఫ్లూయిడ్. పెద్ద బ్రేకులు ఇప్పుడే అక్కర్లేదు. టైర్ల పక్కన నాలుగంకెల తేదీ ఉంటుంది: మొదటి రెండు వారం, తర్వాతి రెండు ఏడాది. అరుగుదల లేకపోయినా ఐదేళ్లు దాటినవి ఇక్కడ ఎండకు లోపలే చచ్చిపోతాయి. పనికిరాని టైర్లతో దొరికితే 500 దిర్హాంలు, 4 పాయింట్లు, వారం జప్తు.

స్టేజ్ టూ, త్రీ ఎందుకు వద్దంటున్నాను

స్టేజ్ టూలో టర్బో నుంచి పొగ బయటికి పోయే డౌన్‌పైప్ మారుస్తారు. క్యాటలిటిక్ కన్వర్టర్ పీకేసిన పైపు పెడితే శబ్దం, వాసన, పాసింగ్‌లో పొగ పరీక్ష, మూడూ మీద పడతాయి. గాలి తేలిగ్గా వెళ్లే క్యాట్ ఉన్న పైపు కొంత నయం, కానీ అదీ అనుమతి అడిగి చేయించాల్సిన మార్పే. స్టేజ్ త్రీ అంటే గోల్ఫ్ ఆర్‌లోని పెద్ద టర్బో తెచ్చి జీటీఐకి పెట్టడం లాంటిది. అక్కడి నుంచి పెట్రోల్ పంపు, క్లచ్, ముందు చక్రాల పట్టు, ఒకదాని వెనక ఒకటి చాలవు. ఆ మొత్తం సొమ్ముతో వాడిన గోల్ఫ్ ఆర్ వస్తుంది, అదీ ముల్కియా మీద ఏ తేడా లేకుండా.

ఈ దేశంలో పెద్ద టర్బోల సంస్కృతి లేదని కాదు. 4.8 లీటర్ల ఆరు సిలిండర్ల టీబీ48 ఇంజిన్ ఉన్న పాత నిస్సాన్ ప్యాట్రోల్‌కు గుమ్మడికాయంత టర్బో బిగించి, వెయ్యి హార్స్‌పవర్ దాటించి, లివా దగ్గర సుమారు 300 మీటర్ల ఎత్తున్న మొరీబ్ ఇసుక దిబ్బ ఎక్కించడం ఎమిరాతీ కుర్రాళ్ల పండగ. అసలు టర్బో లేకుండా పుట్టిన ఇంజిన్ అది. వాళ్ల బండ్లు ఆ పోటీకే కట్టినవి. లోపలి ఇనుమంతా మార్చినవి. 2016 ఏప్రిల్‌లో ఫుజైరా అంతర్జాతీయ విమానాశ్రయం రన్‌వే మీద జపాన్ డ్రైవర్ మసాతో కవాబాతా నిస్సాన్ జీటీ-ఆర్‌ను 304.96 కిలోమీటర్ల వేగంతో అడ్డంగా జార్చి గిన్నిస్ రికార్డు కొట్టాడు. 1,380 హార్స్‌పవర్ ఆ కారుది. దాన్ని తయారుచేయడానికి ఒక కంపెనీ, పరీక్షించడానికి జపాన్‌లోని ఫుజీ స్పీడ్‌వే, నడపడానికి మూసేసిన రన్‌వే అవసరమయ్యాయి.

మనకు రన్‌వే ఇవ్వరు గానీ ట్రాక్ ఇస్తారు. 2004లో తెరిచిన దుబాయ్ ఆటోడ్రోమ్‌లో, 2009 నుంచి ఫార్ములా వన్ జరుగుతున్న యాస్ మరీనాలో సొంత కారు తెచ్చుకునే రోజులుంటాయి. యాస్‌లో డ్రాగ్ రాత్రులు కూడా. కొత్తగా పెంచిన బలం ఏమిటో ఒకసారి అక్కడ చూడండి. ట్రాక్‌లో ఇరవై నిమిషాలు తిప్పాక ఒక ల్యాప్ నెమ్మదిగా నడిపి ఇంజిన్‌ను చల్లారనివ్వండి, లేకపోతే టర్బో బేరింగ్‌లో ఆయిల్ మాడి గడ్డకడుతుంది. షేక్ జాయెద్ రోడ్డు మీద చూపిస్తానంటే మాత్రం, హద్దు కన్నా 80 కిలోమీటర్లు దాటినందుకు 3,000 దిర్హాంలు, 23 పాయింట్లు, 60 రోజుల జప్తు సిద్ధంగా ఉంటాయి.

ఇక ఎప్పుడు చేయించాలన్న ప్రశ్న. అందరూ చలికాలం కోసం ఆగుతారు, అప్పుడు డైనో అంకె పెద్దగా వస్తుందని. నన్నడిగితే జులై, ఆగస్టుల్లోనే చేయించండి. 45 డిగ్రీల్లో నాక్ లేకుండా నిలబడిన ఫైలు డిసెంబరులో మిమ్మల్ని ఏడిపించే అవకాశం తక్కువ. ఇప్పటికే చలికాలంలో చేయించుకున్నవాళ్లు జూన్ ఆఖరులో ఒక మధ్యాహ్నం మళ్లీ లాగ్ తీయించి, ట్యూన్ చేసినవాడి ముందు పెట్టండి. స్పార్క్ వెనక్కి పోతోందని అందులో కనిపిస్తే పది హార్స్‌లు తగ్గించమని మీరే అడగండి.